నాలుగేళ్ల పాపకు తాతయ్య ఇక రారని ఎలా చెప్పాలి?

విభాగం: ఇల్లు, పిల్లలు

సిరి వాళ్ల అమ్మ (కాకినాడ)
సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇక్కడ మీరు రాసేవి చదువుతుంటాను, నేను రాసేది తక్కువ. ఈసారి పెద్దల మాట, తోటి తల్లుల మాట రెండూ కావాలి.

మా మామగారు గత నెల కాలం చేశారు. గుండెపోటు. తెల్లవారుజామున ఆసుపత్రికి తీసుకెళ్లాం, దక్కించుకోలేకపోయాం. మా పెద్దమ్మాయికి నాలుగేళ్లు నిండాయి. చిన్నవాడికి ఏడో నెల నడుస్తోంది. ఆ రోజే అమ్మాయిని మా ఆడపడుచు వాళ్లింటికి పంపేశారు. పెద్దకర్మ అయ్యాకే తీసుకొచ్చారు. రాగానే తాతయ్య ఏరని అడిగింది. ఊరెళ్లారని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పారు.

అది మొదలు రోజూ సాయంత్రం గేటు పట్టుకుని నిలబడుతోంది. ఆ వేళకు ఆయన దాన్ని వేలు పట్టుకుని వీధి చివరి కొట్టుకు తీసుకెళ్లి పల్లీ పట్టీ కొనిచ్చేవారు. వస్తే వేసుకుంటారని ఆయన చెప్పులు తెచ్చి గడప ముందు జతగా పెడుతుంది. మొన్న మా ఆయన ఆఫీసు పని మీద రాజమండ్రి బయలుదేరితే రెండు కాళ్లూ వాటేసుకుని "నువ్వు ఊరెళ్లొద్దు నాన్నా" అని ఒకటే ఏడుపు. చివరికి ఆయన ప్రయాణం మానుకున్నారు.

ఇంకొకటి. మామగారు దానికి అన్నం పెట్టేటప్పుడు పళ్లెం అంచున గోరుముద్దలు వరసగా పెట్టి ఇది కాకి ముద్ద, ఇది పిచ్చుక ముద్ద అని తినిపించేవారు. మాసికం రోజున డాబా గోడ మీద కాకికి పిండం పెడుతుంటే చూసింది. ఎవరో "తాతయ్యకు పెడుతున్నాం" అన్నారు. ఇప్పుడు మొదటి ముద్ద ముట్టుకోదు. "అది తాతయ్యది" అని పక్కకు తోసేస్తుంది. కాకి వాలితే "తాతయ్యా" అని పిలుస్తోంది. మా అత్తయ్య అది విని లోపలికి వెళ్లిపోతారు.

బాబు అన్నప్రాసనకు ఆరో నెలలో ముహూర్తం పెట్టించాం, ఇంతలో ఇలా జరిగింది. ఏడాదిదాకా ఏ శుభకార్యమూ వద్దని ఒకరు, పరవాలేదని ఒకరు. వాడేమో మా కంచాల వైపు చూసి పెదవులు చప్పరిస్తున్నాడు. మొన్ననే పాకడం మొదలుపెట్టాడు. మొదటిసారి రెండడుగుల దూరం పాకినప్పుడు అందరం నవ్వాం, వెంటనే అత్తయ్య ముఖం చూసి ఆపేశాం.

పాపకు ఏం చెప్పను? ఎలా మొదలుపెట్టను?

పిల్లల వార్డు నర్సు (హైదరాబాద్)
సోమవారం, రాత్రి 11:25

సిరి అమ్మగారూ, మీ ఇంటి కష్టం చదివి మనసు బరువెక్కింది. నా ఉద్యోగంలో ఇలాంటి మాటలు చాలామంది తల్లిదండ్రులతో మాట్లాడాల్సి వస్తుంది కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. "చనిపోయారు" అనే మాటే వాడండి.

ఈ వయసు పిల్లలు మనం అన్న మాటను అన్నట్టుగానే పట్టుకుంటారు. ఊరెళ్లారంటే నాన్న సంచి సర్దగానే భయం. నిద్రపోయారంటే రాత్రి కళ్లు మూయడానికి భయం. దేవుడు తీసుకెళ్లాడంటే పూజగది ముందు నిలబడటానికి భయం. "జబ్బు చేసింది" అని ఊరుకుంటే రేపు తమ్ముడికి జలుబు చేసినా వణికిపోతుంది.

మీరిద్దరూ ఉన్నప్పుడు, పాప కడుపు నిండి ఆడుకుంటున్న వేళ, పక్కన కూర్చుని చెప్పండి. "తాతయ్య గుండె బాగా పాడైంది. డాక్టర్లు బాగుచేయాలని చూశారు, కుదరలేదు. గుండె కొట్టుకోవడం ఆగిపోయింది, తాతయ్య చనిపోయారు. చనిపోయినవాళ్లకు ఆకలి వేయదు, నొప్పి ఉండదు. వాళ్లు తిరిగి రారు." అక్కడితో ఆపండి. అడిగినదానికే జవాబు చెప్పండి.

1948లో మరియా నాగీ అనే మనస్తత్వవేత్త బుడాపెస్ట్ పరిసరాల్లో మూడు నుంచి పదేళ్ల పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం ప్రచురించారు. ఐదేళ్లలోపు పిల్లలు చావును ఒక ప్రయాణంగానో నిద్రగానో, అంటే మళ్లీ తిరిగి వచ్చేదిగానే ఊహించుకుంటారని ఆమె గమనించారు. మనం ఊరెళ్లారని చెబితే పాప మనసులో ముందే ఉన్న ఆ ఊహకు మనమే ముద్ర వేసినట్టు. అందుకే ఒకసారి చెబితే సరిపోదు. రేపు మళ్లీ అడుగుతుంది, ఎల్లుండి అడుగుతుంది. విసుక్కోకుండా అదే మాట చెప్పండి.

పైకి అడగని ప్రశ్న ఒకటి ఉంటుంది: "నా వల్లనా?" తాతయ్య మీద అలిగి ఉండవచ్చు, ఏదో అని ఉండవచ్చు. అడగకపోయినా సరే, "నువ్వు చేసిన పని వల్ల కాదు, నువ్వు అన్న మాట వల్ల కాదు" అని మీరే చెప్పండి.

బాబు సంగతి. వేడుక ఎప్పుడు చేస్తారో మీ ఇష్టం, తిండి మాత్రం రేపటినుంచే మొదలుపెట్టండి. ఆరు నెలలు నిండాక తల్లిపాలతో పాటు పైఆహారం కావాలి. పుట్టుకతో వచ్చిన ఇనుము నిల్వలు అప్పటికి తరిగిపోతాయి. మెత్తగా మెదిపిన అన్నం, పెసరపప్పు, చుక్క నెయ్యి, ఉడికించి మెదిపిన కూరగాయ. ఏడాది నిండేదాకా ఉప్పు, పంచదార వద్దు. తేనె అసలు వద్దు. అన్నప్రాసనలో వేలితో తేనె నాకించే అలవాటు మనకు చాలా ఇళ్లలో ఉంది. అందులో ఉండగల బోట్యులిజం క్రిమి పసిపేగులకు ప్రమాదం. పాయసమైనా వేలికి అంటించి పెదవికి తాకిస్తే చాలు.

గోదావరి గట్టు (కొవ్వూరు)
మంగళవారం, ఉదయం 6:10

అమ్మాయీ, నా వయసు డెబ్బై దాటింది. నర్సమ్మగారి మీద గౌరవం ఉంచుకునే వేరే మాట చెబుతున్నాను.

మా ఆవిడ పోయినప్పుడు మనవడికి ఐదేళ్లు. రాత్రి డాబా మీద పడుకోబెట్టుకుని నక్షత్రం చూపించి నానమ్మ అక్కడుందని చెప్పాను. వాడు రోజూ దానితో కబుర్లు చెప్పుకుని నిద్రపోయేవాడు. ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, అది గ్రహమో నక్షత్రమో వాడే నాకు చెబుతాడు. ఆ మాట వల్ల వాడికి ఏ కీడూ జరగలేదు. మన పెద్దలు ఊరికే కథలు చెప్పలేదు. పసివాళ్లకు గుండె ఆగిపోవడం, ఊపిరి ఆగిపోవడం అని చెబితే ఆ రాత్రి వాళ్లెలా నిద్రపోతారు?

కాకి విషయంలో మాత్రం సరిచేయాలి. కాకి తాతయ్య కాదు, తాతయ్యను తలుచుకుంటూ కాకికి అన్నం పెడతాం. పాపకు అంతవరకు చెప్పండి. వీలైతే మాసికం నాడు ఆ ముద్ద తన చేత్తో పెట్టనివ్వండి.

అన్నప్రాసన నెలల లెక్కకు కట్టుబడిన సంస్కారం. మగపిల్లలకు ఆరు, ఎనిమిది అని సరి నెలల్లో, ఆడపిల్లలకు ఐదు, ఏడు అని బేసి నెలల్లో చేస్తాం. మైల పోయాక ఇంటివరకు చేసుకోవచ్చని మా పురోహితులు చెప్పేవారు. మీ ఇంటి పురోహితుణ్ని అడగండి. ఎనిమిదో నెల ఎలాగూ వస్తోంది. మేళతాళాలు అక్కర్లేదు. మీ అత్తగారి ఒడిలో కూర్చోబెట్టి చేయండి.

పిల్లల వార్డు నర్సు (హైదరాబాద్)
మంగళవారం, ఉదయం 7:30

తాతగారూ, నక్షత్రం కథకు నేను అడ్డు చెప్పను. ముందు చనిపోయారని తెలియాలి, ఆ తర్వాత నక్షత్రమైనా, స్వర్గమైనా, మీ ఇంటి నమ్మకం ఏదైనా సరే. మీ మనవడికి నానమ్మ రాదని తెలుసు కాబట్టే నక్షత్రంతో మాట్లాడాడు. ఈ పాపకు అది తెలియదు. గేటు దగ్గర నిలబడి ఎదురుచూస్తోంది.

గోదావరి గట్టు (కొవ్వూరు)
మంగళవారం, ఉదయం 7:50

ఆ తేడా నిజమే. మా వాడు నానమ్మను సాగనంపడం చూశాడు. ఈ బిడ్డను చూడనివ్వలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ చెప్పేటప్పుడు నెమ్మదిగా చెప్పండమ్మా.

డాలస్ నాన్న
మంగళవారం, ఉదయం 9:05

మా నాన్నగారు పోయినప్పుడు నేను రాలేకపోయాను. వీసా కాగితాలు పరిశీలనలో ఉన్నాయి, బయటికి వెళితే తిరిగి రావడం కష్టం. మా చిన్నాన్న కొడుకు ఫోన్ పట్టుకుని చూపిస్తుంటే ఇక్కడ అర్ధరాత్రి హాల్లో నేల మీద కూర్చుని చూశాను. తలకొరివి మా తమ్ముడు పెట్టాడు.

మా అబ్బాయికి అప్పుడు ఐదేళ్లు. వాడికి తాతయ్య అంటే ఆదివారం ఉదయం ఫోన్‌లో కనిపించే ముఖం. కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి, ఫోన్ మరీ దగ్గర పెట్టుకోవడం వల్ల సగం ముఖమే కనిపించేది. చనిపోయారని చెబితే వాడు అడిగిన మొదటి ప్రశ్న: "ఫోన్‌లోంచి కూడా చనిపోయారా?" మాకు నోట మాట రాలేదు. మా ఆవిడే తేరుకుని చెప్పింది, ఫోన్ ఇక మోగదు, తాతయ్య పాత వీడియోలు మాత్రం ఉంటాయి, కావాలంటే చూడవచ్చు అని.

ఆ వీడియోలన్నీ ఒకచోట పెట్టాను. మొదట్లో రోజూ అడిగేవాడు, తర్వాత ఎప్పుడో ఒకసారి. ఒకదాంట్లో నాన్నగారు కాకరకాయ పులుసు ఎలా పెట్టాలో మా ఆవిడకు చెబుతారు, మధ్యలో ప్రెషర్ కుక్కర్ కూత వేస్తే ఉలిక్కిపడతారు. వాడు ఆ చోటే మళ్లీ మళ్లీ పెట్టించుకుని పడీపడీ నవ్వుతాడు. మొదటిసారి నాకు కోపమొచ్చింది, తర్వాత నేనూ నవ్వాను. నాన్నగారు ఉండి ఉంటే ఆ నవ్వు కోసం మళ్లీ ఉలిక్కిపడి చూపించేవారు.

అందుకే సిరి అమ్మగారూ, బాబు పాకితే నవ్వండి. ఆ ఇంట్లో నవ్వు వినిపించాలని మీ మామగారికంటే ఎక్కువ ఎవరు కోరుకుంటారు?

వాడి బడిలో టీచరుకు ముందే చెప్పాం. అక్కడి కౌన్సిలర్ కొన్ని వారాలపాటు వాడితో బొమ్మలు గీయిస్తూ మాట్లాడారు. విదేశాల్లో ఉన్నవాళ్లు ఈ వసతి వాడుకోండి, అడిగితే చాలు.

అంగన్‌వాడీ టీచరు (విజయనగరం జిల్లా)
మంగళవారం, మధ్యాహ్నం 2:15

మా కేంద్రంలో ఒక పాప వాళ్ల నాయనమ్మ పోయిన వారం తర్వాత జరిగింది రాస్తాను. పిల్లలు ఒకమ్మాయిని చాప మీద వెల్లకిలా పడుకోబెట్టారు. చుట్టూ కూర్చుని ఏడుపు నటిస్తున్నారు. ఒకడు బంతిపూల రేకులు చల్లుతున్నాడు, ఇంకొకడు రేకు డబ్బా డప్పులా వాయిస్తున్నాడు. ఆయా "అపశకునం" అని కేకలేయబోతే నేను ఆపాను. నాయనమ్మ పోయిన పాపే మొత్తం నడిపిస్తోంది: "నువ్వు ఇటు కూర్చో, నువ్వు నీళ్లు తే" అని. కాసేపటికి పడుకున్న అమ్మాయి లేచి కూర్చుంది. అప్పుడు ఈ పాప గట్టిగా అంది, "లేవకూడదు! చనిపోతే లేవరు!"

ఎవరూ పాఠం చెప్పలేదు. ఆటలోనే తేల్చుకుంది. మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలు పెద్ద సంగతులన్నీ ఇలాగే ఆడి అర్థం చేసుకుంటారు. మీ పాప కూడా తాతయ్య ఆట ఆడితే వారించకండి.

చెప్పుల జత పెట్టడం కూడా వారించకండి. అసలు సంగతి తెలిశాక తనంతట తనే మానుకుంటుంది, లేదా ఇంకేదైనా చేస్తుంది. కొన్నాళ్లు పక్క తడపడం, వేలు చీకడం, తమ్ముడిలా తనకూ తినిపించమనడం ఉండవచ్చు. వాటికి కోప్పడితే ఇంకా ముడుచుకుపోతారు.

వేపచెట్టు నీడ (ఖమ్మం)
మంగళవారం, రాత్రి 11:50

ఇది తాతయ్య గురించిన చర్చ అని తెలుసు. నాది వేరే కథ, కానీ ఇంకెక్కడ రాయాలో తెలియలేదు.

ఎనిమిదో నెలలో మా రెండో బిడ్డ కడుపులోనే చనిపోయింది. ఆడపిల్ల. ఆపరేషన్ చేశారు. నాకు పూర్తిగా మెలకువ వచ్చేసరికి మగవాళ్లు తీసుకెళ్లి పూడ్చిపెట్టి వచ్చేశారు. పసిబిడ్డలకు దహనం ఉండదు, కర్మలు ఉండవు, పదకొండో రోజు ఉండదు. పెద్దవాళ్లు పోతే పదిమంది వచ్చి కూర్చుంటారు. మా ఇంటికి వచ్చినవాళ్లు "మర్చిపో, ఇంకా వయసుంది" అని కాఫీ తాగి వెళ్లారు. సీమంతంలో వేసిన గాజులు చేతులకు అలాగే ఉన్నాయి. ఎప్పుడు తీయాలో, అసలు తీయాలో వద్దో ఎవరూ చెప్పలేదు. మూడో రోజు పాలు పడ్డాయి. జాకెట్టు తడిసిపోతుంటే గోడవైపు తిరిగి పడుకున్నాను.

మా పెద్దవాడికి అప్పుడు మూడున్నర. రోజూ నా పొట్టకు చెవి ఆనించి బడిలో ఏం జరిగిందో లోపలున్న చెల్లికి చెప్పేవాడు. ఇంటికొచ్చాక నా పొట్ట తడిమి "చెల్లి ఎక్కడ" అన్నాడు. ఆసుపత్రిలో ఉందని మా అమ్మ అంది. వాడు ప్రతి ఉదయం తీసుకొద్దాం పద అని చెప్పులేసుకునేవాడు. నాలుగో రోజో ఐదో రోజో నేనే కూర్చోబెట్టుకుని చెప్పాను. చెల్లి నా కడుపులో ఉన్నప్పుడే చనిపోయింది, ఇంటికి రాదు, నువ్వు చెప్పిన కబుర్ల వల్ల కాదు, డాక్టరుకు కూడా ఎందుకో తెలియలేదు అని. వాడు నా ముఖం చూసి, "నేను చెప్పినవి విందా?" అని అడిగాడు. విందని చెప్పాను. ఎనిమిదో నెలకు బిడ్డకు బయటి మాటలు వినిపిస్తాయని డాక్టరు నాతో అన్నారు, కాబట్టి అది నిజమే.

ఆ ఇంట్లో దాని గురించి నాతో మాట్లాడినవాడు వాడొక్కడే.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, ఎవరికైనా పనికొస్తుంది. నేను పనిచేసే చోట సెలవు అడిగితే "బిడ్డ లేదు కదా, ఎందుకు" అన్నారు. అప్పుడు అమల్లో ఉన్న 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో బిడ్డ అనే మాటలోనే చనిపోయి పుట్టిన బిడ్డ కూడా ఉంది. ఇరవయ్యారు వారాల గర్భం దాటాక అలా జరిగితే చట్టం లెక్కలో అది కాన్పే. అంతకంటే ముందు గర్భం పోతే వేతనంతో ఆరు వారాల సెలవు ఇవ్వాలని అదే చట్టం చెప్పింది. 2025 నవంబరులో దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది, ఈ నియమాలు అందులోనూ ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు బిడ్డ చనిపోయి పుట్టినా, పుట్టిన వెంటనే పోయినా 60 రోజుల ప్రత్యేక ప్రసూతి సెలవు ఇస్తూ 2022 సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. మా వదిన వకీలు, ఆమె కాగితం మీద రాసిచ్చాక నాకు సెలవు వచ్చింది. దుఃఖంలో ఉన్న మనిషి చేత చట్టం చదివించడం ఎంత అన్యాయమో ఆ ఆఫీసులో ఎవరికీ తోచలేదు.

కడప కోడలు
బుధవారం, ఉదయం 5:55

వేపచెట్టు నీడ అక్కా, ఫజర్ నమాజు తర్వాత మీరు రాసింది చదివాను. చాలాసేపు ఫోన్ పక్కన పెట్టలేకపోయాను.

మా బాబు పుట్టిన మూడో రోజు పోయాడు. మాలో బిడ్డ ఒక్క ఊపిరి తీసుకున్నా పేరు పెడతారు, స్నానం చేయిస్తారు, జనాజా నమాజు చదువుతారు. వాడికీ అన్నీ చేశారు. పేరు పెట్టారు కాబట్టి వాడి గురించి మాట్లాడటానికి నాకు ఒక మాట మిగిలింది. మీ బిడ్డకు ఆ మర్యాద దక్కలేదంటే నాకు గుండె తరుక్కుపోతోంది. మీరు మనసులో ఏదైనా పేరు అనుకున్నారా అక్కా? అనుకుంటే ఆ పేరుతోనే తలుచుకోండి.

మా అమ్మాయికి అప్పుడు మూడేళ్లు, ఇప్పుడు ఏడు. బడిలో అన్నదమ్ములు ఎంతమంది అని అడిగితే "ఇద్దరు తమ్ముళ్లు, ఒకడు ఇంట్లో, ఒకడు ఖబరస్తాన్‌లో" అంటుంది. మా అత్తమ్మకు మొదట నచ్చలేదు. ఇప్పుడు షబే బరాత్ రాత్రి మా ఆయన ఖబరస్తాన్‌కు బయలుదేరితే, "తమ్ముడికి నా సలాం చెప్పు" అని అమ్మాయి చెప్పకముందే అత్తమ్మే దానికి గుర్తు చేస్తుంది.

వేపచెట్టు నీడ (ఖమ్మం)
బుధవారం, ఉదయం 8:20

అనుకున్నాను చెల్లీ. ఇక్కడ రాయను, అది మా ముగ్గురిదే. మా వాడికి మాత్రం చెప్పాను, మీ మాట చదివాక, ఇప్పుడే. పలకడానికి బాగుందన్నాడు.

పిల్లల వార్డు నర్సు (హైదరాబాద్)
బుధవారం, ఉదయం 9:00

అమ్మా, మీ బిడ్డను మీకు చూపించి ఉండాల్సింది. చూడాలా, ఎత్తుకోవాలా, వద్దా అనేది తల్లి నిర్ణయం. ఆమెను అడగకుండా తీసుకెళ్లకూడదు. మా వార్డులో ఇప్పుడు అడుగుతాం. కావాలంటే కాలి ముద్ర కాగితం మీద తీసి ఇస్తాం. ఇది చదువుతున్న మగవాళ్లకు నా మనవి: అలాంటి రోజున త్వరపడకండి. ఒక గంట ఆగితే ఏమీ కాదు.

పాలు పడితే గట్టిగా బిగించి కట్టవద్దు, వాపు వస్తుంది. చల్లటి తడిగుడ్డ వేస్తే ఉపశమనం ఉంటుంది, ఆపడానికి డాక్టరు మాత్ర రాస్తారు. కొందరు తల్లులు పాల బ్యాంకుకు ఇస్తారు. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో ఉంది, నెలలు నిండని పసికందులకు వాడతారు. ఇవ్వాలని ఎవరూ బలవంతపెట్టకూడదు, ఇస్తామంటే కాదనకూడదు.

తల్లికి గాని తండ్రికి గాని వారాలు గడిచినా నిద్ర, తిండి లేక ఏ పనీ చేయలేకపోతుంటే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

తంగేడు పువ్వు (కరీంనగర్)
బుధవారం, మధ్యాహ్నం 1:10

పిల్లలకు చావు మాట వినిపించకూడదని అనుకుంటాం గాని మన పండుగల్లోనే అది ఉంది. మా వైపు పెత్రమాస నాడు పొద్దున పోయిన పెద్దల పేరు చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలు దానమిస్తాం. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. మా ఇంట్లో పిల్లలే చిన్న చిన్న పొట్లాలు కట్టి, ఒక్కొక్కరి పేరూ అడిగి మరీ చెబుతారు. సాయంత్రానికి అవే చేతులతో తంగేడు, గునుగు పూలు పేర్చి ఆడతారు. రెండింటి మధ్య ఏ గోడా లేదు వాళ్లకు. సిరి అమ్మగారూ, మీ వైపు సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెడతారు కదా, ఈసారి ఆ పంచె పాప చేత పెట్టించండి.

గుంటూరు జాన్ మామయ్య
బుధవారం, మధ్యాహ్నం 3:40

మా చర్చి పిల్లలు సమాధుల తోటలోనే సగం పెరుగుతారు. ఈస్టరు తెల్లవారుజామున చీకటితో వెళ్లి కొవ్వొత్తులు వెలిగిస్తాం. క్యాథలిక్ కుటుంబాలు నవంబరు 2న సమాధుల పండుగకు సున్నం వేసి, పూలు పెడతారు. మా మేనకోడలి పిల్లలు ముత్తాత రాతి మీద అక్షరాలు వేలితో దిద్దుతూ చదవడం నేర్చుకున్నారు. పిల్లలు భయపడేది సమాధిని చూసి కాదు, మనం గొంతు తగ్గించి వాళ్లను బయటికి పంపేయడం చూసి.

గోదావరి గట్టు (కొవ్వూరు)
బుధవారం, సాయంత్రం 6:30

జాన్‌గారూ, మా వాళ్లలో శ్మశానానికి పిల్లలను తీసుకెళ్లరు, ఆ కట్టుబాటు ఉండనివ్వండి. ఇంటి దగ్గర చివరిచూపు మాత్రం చూడనివ్వాలి. పక్కన ఒక పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుని ఉండాలి, బిడ్డ వద్దంటే బలవంతపెట్టకూడదు. ఇంతవరకు మీతో ఏకీభవిస్తాను.

సిరి వాళ్ల అమ్మ (కాకినాడ)
ఆదివారం, రాత్రి 9:30

అందరికీ ఒక్కొక్కరికి జవాబు రాయాలని ఉంది, చిన్నవాడు నిద్రపోనివ్వడం లేదు. జరిగింది చెబుతాను.

శుక్రవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక చెప్పాం. మా ఆయన మొదలుపెట్టారు, గొంతు పూడుకుపోయింది, నేను అందుకున్నాను. నర్సమ్మగారు రాసిన మాటలే ఇంచుమించు. గుండె ఆగిపోయిందంటే తన గుండె మీద చెయ్యి పెట్టి చూసుకుంది. నా గుండె మీద పెట్టింది, వాళ్ల నాన్న గుండె మీద పెట్టింది, తమ్ముడిది కూడా చూసొచ్చింది. "మనవి కొట్టుకుంటున్నాయి" అంది. అవునన్నాను.

"రేపు వస్తారా?"
"రారు."
"పండక్కి?"
"రారు. ఇంకెప్పుడూ రారు."
"మరి కళ్లజోడు ఎందుకు వదిలేశారు?"

టీవీ పక్కన ఆయన కళ్లజోడు అలాగే ఉంది. చనిపోయినవాళ్లు చూడరు, అందుకని అక్కర్లేదన్నాను. అప్పుడు అడిగింది, "నన్ను కూడా చూడరా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. మా ఆయన నా వైపు చూశారు. అప్పటిదాకా వంటింట్లో ఉన్న అత్తయ్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి "నువ్వు చూడవచ్చు తాతయ్యను, రా" అని బీరువాలోంచి పెళ్లి ఆల్బమ్ తీశారు. మామగారు పోయాక ఆ బీరువా తెరవడం అదే మొదటిసారి. ఇద్దరూ మంచం మీద బోర్లా పడుకుని సాయంత్రందాకా చూశారు. తాతయ్యకు జుట్టు ఇంత ఉండేదా, మీసం ఎందుకు అలా ఉంది అని అది అడుగుతుంటే అత్తయ్య ఏడుస్తూనే చెప్పారు, నవ్వుతూ కూడా చెప్పారు. అమ్మాయి మధ్యలో ఒకసారి బాగా ఏడ్చింది. ఆపలేదు, పక్కన కూర్చున్నాం.

చెప్పులు శనివారం కూడా పెట్టింది. "రారని తెలుసు, ఊరికే పెడుతున్నాను" అంది. గేటు దగ్గర నిలబడలేదు. కాకికి ముద్ద తనే పెడుతోంది. మా వీధిలో ఉన్నవి నాలుగైదు కాకులు, అన్నిటికీ చాలాలని ముద్ద కాస్త పెద్దది చేయమంటోంది. రాత్రి పక్క తడుపుతోంది, టీచరుగారు ముందే చెప్పడం మంచిదైంది, ఏమీ అనడం లేదు.

బాబుకు మంగళవారం నుంచే పప్పన్నం పెడుతున్నాను. ఎనిమిదో నెలలో ఇంట్లోనే అన్నప్రాసన చేసుకోవచ్చని పురోహితుడుగారు చెప్పారు. తేనె లేదు. వాడి ముందు పుస్తకం, కలం, బంగారం, కత్తి, పూలు పెడతాం కదా, అమ్మాయి ఒక పల్లీ పట్టీ కూడా పెడతానంటోంది. పెట్టనిస్తాను, వాడి నోట్లోకి వెళ్లకుండా చూసుకుంటాను.

వేపచెట్టు నీడ గారూ, మీరు రాసినందుకు నాకంటే ఎక్కువగా మా అత్తయ్య సంతోషించారు. ఆమెకు మా ఆయన కంటే ముందు ఒక బిడ్డ పుట్టి పోయిందట. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ సంగతి మాకెవరికీ తెలియదు. మీ మాటలు చదివి వినిపించాక చెప్పారు.

చిన్నూ నాన్న (నెల్లూరు)
ఆదివారం, రాత్రి 10:15

నాకొక సందేహం. మా అమ్మ రెండు నెలల క్రితం పోయింది. అబ్బాయి జూన్‌లో కొత్త బడిలో చేరుతున్నాడు. అక్కడ ఎవరికీ మా సంగతి తెలియదు. చెప్పాలా, లేక కొత్తగా మొదలవుతుంది కదా అని వదిలేయాలా?

అంగన్‌వాడీ టీచరు (విజయనగరం జిల్లా)
సోమవారం, ఉదయం 7:05

తప్పకుండా చెప్పండి బాబూ, చేర్చే రోజే చెప్పండి. నానమ్మ ఎప్పుడు పోయారు, వాడిని ఎవరు దింపుతారు, ఎవరు తీసుకెళ్తారు, ఇంట్లో ఏ మాట వాడి చెప్పారు, ఈ నాలుగూ టీచరుకు తెలియాలి. ఇంట్లో చనిపోయారని చెప్పి బడిలో ఊరెళ్లారని ఎవరైనా అంటే వాడు తికమకపడతాడు. ఇంకొకటి, బడుల్లో నానమ్మ తాతయ్యల దినం చేస్తుంటారు. ఆ రోజున ఎవరు రావాలో వాడినే ముందుగా అడగండి.